తెరమీద తెలుగు చెదిరిపోతే ముందు సేవ్ నొక్కకండి

శుభలేఖ మ్యాటరు మెయిల్లో వచ్చింది, తెరిస్తే అన్నీ డబ్బాలు. నిన్నటిదాకా చక్కగా ఉన్న జాబితాలో ఇవాళ వరసగా ప్రశ్నార్థకాలు. సొంత వెబ్‌సైట్లో నాన్నగారి వ్యాసం పెడితే తెలుగుకు బదులు గీతలూ చుక్కలూ. ఇలాంటప్పుడు కంగారులో చాలామంది ఒకసారి సేవ్ కొట్టి, మూసి, మళ్లీ తెరుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చెదిరినట్టు కనిపించే తెలుగు చాలాసార్లు ఫైల్లో క్షేమంగానే ఉంటుంది. తెరిచిన ప్రోగ్రాము దాన్ని తప్పుగా చదువుతూ ఉంటుంది. ఆ తప్పు పాఠాన్ని మనం సేవ్ చేసినప్పుడే అసలు నష్టం జరుగుతుంది.

అందుకని మొదటి మెట్టు ఇది. ఫైలు మూసేయండి. ‘మార్పులు సేవ్ చేయాలా?’ అని అడిగితే వద్దనండి. ఆ ఫైలుకు ఒక కాపీ తీసి, వేరే పేరు పెట్టి, ఇక మీ ప్రయత్నాలన్నీ ఆ కాపీ మీదే చేయండి. అసలు ఫైలు జోలికి వెళ్లొద్దు.

ఈ జాగ్రత్త నాకు ఒక నష్టం నేర్పింది. మా ఊరి గ్రంథాలయం కోసం రిటైరైన మాస్టారు ఒకాయన పుస్తకాల జాబితా టైపు చేశారు. పేరు, రచయిత, బీరువా నంబరు. ఒంటి వేలితో కొట్టడం ఆయనది, ఎనిమిది రోజులు పట్టింది. ఆఖరున నేనే దాన్ని మామూలు సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఒట్టి అక్షరాల ఫైలుగా, సేవ్ చేసి మూశాను. మర్నాడు తెరిస్తే నంబర్లు నంబర్లలాగే ఉన్నాయి, పేర్లున్న చోటల్లా ప్రశ్నార్థకాలే. ఒక్క పేరు కూడా వెనక్కి రాలేదు. మాస్టారు ఏమీ అనలేదు, మళ్లీ మొదటి బీరువా దగ్గర కుర్చీ వేసుకున్నారు.

చెదిరిన తీరును చూడండి

తెలుగు పాడైతే అందరూ ‘ఫాంటు ప్రాబ్లం’ అనేస్తారు. నిజానికి అందులో నాలుగైదు వేరువేరు జబ్బులున్నాయి, దేని మందు దానిదే. ఏ జబ్బో తెరమీద కనిపించే ఆకారమే చెబుతుంది. దానికి ముందు ఒక్క సంగతి తెలిసుండాలి.

‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ అవి ఉన్నాయి. ఇవాళ ఫైళ్లూ వెబ్ పేజీలూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గడికి మూడు బైట్లు పడతాయి. అంటే ‘శ్రీ’ ఫైల్లో 12 బైట్లు. ఆ బైట్లను మూడేసి చొప్పున సరిగా లెక్కపెట్టి చదవడం ఒక పని. చదివినవాటికి ఫాంటులో బొమ్మలు వెతకడం రెండో పని. ఆ బొమ్మలను వత్తు కిందికి, గుడి పైకి పేర్చడం మూడోది. ఏ పని చెడితే తెరమీద ఆ రకం గందరగోళం కనిపిస్తుంది.

డబ్బాలు కనిపిస్తే

ఇది అన్నిటికంటే తేలిక జబ్బు. పాఠం క్షేమంగా ఉంది, ఫాంటే లేదు. ఈ డబ్బాలను ఇంగ్లిష్ వాళ్లు ‘టోఫు’ అంటారు. ఆ టోఫు కనిపించకూడదనే గూగుల్ తన ఫాంట్లకు ‘నోటో’ అని పేరు పెట్టింది. నోటో సాన్స్ తెలుగు ఉచితం, దించుకుని ఇన్‌స్టాల్ చేస్తే చాలు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు తెలుగును కూడా చూపిస్తుంది కాబట్టి కొత్త మిషన్లలో ఈ బాధ తక్కువ. అయితే ఎక్స్‌పీ కాలంలో వచ్చిన గౌతమి, విండోస్ 7లో వచ్చిన వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి తమంతట తాము రావు. పాత వర్డ్ ఫైలు తెరిచినప్పుడు పేజీల లెక్క మారిపోయి, లైన్లు జరిగిపోయి కనిపిస్తే కారణం చాలాసార్లు అదే. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ వెతికి, ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ కలుపుకోండి. రెండూ తిరిగొస్తాయి.

నెత్తిన గీతతో ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు

చిన్న ‘ఎ’ నెత్తిన ఏటవాలు గీత, పక్కన ఎండ లెక్కలో పెట్టే డిగ్రీ గుర్తో, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో, ఆ పక్కన ఇంకేదో గుర్తు. ఇవే మళ్లీ మళ్లీ వరసగా వస్తుంటే సంతోషించండి. మీ తెలుగు చాలావరకు బతికే ఉంది. తెలుగు అక్షరాల మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. వాటిని ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాలే ఉన్న పాత పాశ్చాత్య పట్టికతో చదివితే ఆ ‘ఎ’, ఆ డిగ్రీ, ఆ ప్లస్-మైనస్ కనిపిస్తాయి.

వెబ్ పేజీలో ఇలా ఉంటే ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి, వ్యూ మెనూలో ‘రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్’ నొక్కండి. మీదే ఫైలైతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కాపీ తెరిచి, ఎన్‌కోడింగ్ మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకోండి. అక్కడే కింద ‘కన్వర్ట్ టు’ అని మొదలయ్యే వరస ఒకటుంది, దాన్ని తాకొద్దు. మొదటిది ‘ఈ బైట్లను ఇలా చదువు’ అని చెప్పడం. రెండోది తప్పుగా చదివినదాన్నే నిజమనుకుని మార్చి రాసేయడం. ఈ రెండింటి మధ్య తేడా తెలియకే ఎక్కువమంది ఫైళ్లు పాడుచేసుకుంటారు.

ఎవరో ఇప్పటికే అలా తప్పుగా సేవ్ చేసిన ఫైలు మీ చేతికొచ్చిందా? అప్పుడు మాత్రం అడుగులు వెనక్కి వేయాలి. ముందు ‘కన్వర్ట్ టు యాన్సీ’ (యాన్సీ అంటే ఇక్కడ ఆ పాత పాశ్చాత్య పట్టికే), తరవాత ఎన్‌కోడింగ్‌లో యూటీఎఫ్-8. చాలామటుకు తెలుగు లేచి కూర్చుంటుంది. కానీ జాగ్రత్తగా చదవండి. ఆ పాశ్చాత్య పట్టికలో ఐదు గళ్లు ఖాళీ. కొమ్ము, పొల్లు, ఏ, ఐ, ఝ, అరసున్నల మూడో బైటు సరిగ్గా ఆ ఖాళీ గళ్లలో పడుతుంది. కొన్ని ప్రోగ్రాములు వాటిని అలాగే దాటిస్తాయి, కొన్ని మింగేస్తాయి. మింగేస్తే ‘పుస్తకం’లో కొమ్మూ పోతుంది, వత్తును కలిపే పొల్లూ పోతుంది. తిరిగొచ్చిన పాఠంలో వత్తులూ కొమ్ములూ మాత్రమే లేకపోతే మీరు చేసిన పద్ధతి తప్పేమీ కాదు, ఆ బైట్లు దారిలో ఎక్కడో జారిపోయాయి. వాటిని చేత్తో దిద్దుకోవాల్సిందే.

ఈ జబ్బు ఎక్కువగా తగిలేది ఎక్సెల్‌లో. తెలుగున్న సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 ఎంచుకోండి. ఆ నంబరంటే యూటీఎఫ్-8. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే రకాన్నే తీసుకోండి, అసలు ఎక్సెల్ ఫైలును కూడా పక్కన ఉంచండి. నోట్‌ప్యాడ్‌లోనూ అంతే. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి అది తనంతట తానే యూటీఎఫ్-8లో రాస్తుంది. అంతకు ముందువాటిలో ‘సేవ్ యాజ్’ పెట్టెలో అడుగున ఎన్‌కోడింగ్ దగ్గర మీరే మార్చాలి.

ప్రశ్నార్థకాలు

వరసగా ఉత్త ప్రశ్నార్థకాలే ఉంటే కబురు మంచిది కాదు. తెలుగుకు చోటే లేని పట్టికలోకి ఎవరో పాఠాన్ని కుక్కారు. ప్రతి అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం రాసిపెట్టి ఉంది. ఏ ఫాంటూ ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. పాత కాపీ, మెయిల్లో పంపిన అటాచ్‌మెంట్, గూగుల్ డ్రైవ్‌లో వెర్షన్ హిస్టరీ, ఎవరి ఫోన్లోనో మిగిలిన ఫైలు, ఇలా బయట వెతకండి.

నల్లటి డైమండ్ లోపల ప్రశ్నార్థకం ఉంటే అది వేరే. ఎక్కడో మూడు బైట్ల అక్షరాన్ని నడిమికి కోశారని అర్థం. వెబ్‌సైట్లో ‘ఇంకా చదవండి’ ముందు వచ్చే చిన్న సారాంశం చివర ఇది తరచూ కనిపిస్తుంది. మొదటి 200 బైట్లు తీసుకోమని కోడులో రాసి ఉంటుంది. తెలుగు అలా తెగదు. బైట్ల లెక్కన కాకుండా పదాల మధ్య ఖాళీ చూసి కోయమనండి. అక్షరాల లెక్కన కోసినా ‘శ్రీ’ నాలుగు గళ్లు కాబట్టి ‘శ్’ దగ్గర తెగే ప్రమాదం ఉంది.

వత్తులు విడిపోతే

అక్షరాలు తెలుగే, కానీ ‘స్త్రీ’ కాస్తా స్, త్, రీ అని మూడు ముక్కలై పక్కపక్కన నిలబడితే పేర్చే పని చెడిందన్నమాట. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్ కింద కంపోజర్ దగ్గర ‘వరల్డ్ రెడీ’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్, టైప్ లోకి వెళ్లి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ పెట్టి, కొత్త ఫైలు తెరిచి చూడండి. ఫోన్లో వీడియో ఎడిటింగ్ యాప్ వత్తులు విరగ్గొడుతుంటే దానితో పోరాడొద్దు. తెలుగు సరిగా చూపించే చోట ఆ వాక్యాన్ని పారదర్శక నేపథ్యంతో బొమ్మగా తయారుచేసుకుని వీడియో మీద పెట్టండి.

వెబ్ పేజీ మీ సొంతమైతే

మొదట చూడాల్సింది పేజీ తలలో క్యారెక్టర్ సెట్ చెప్పే మెటా ట్యాగ్. యూటీఎఫ్-8 అని ఉండాలి, అదీ పేజీ మొదటి 1024 బైట్ల లోపే. పైన పెద్ద స్క్రిప్టులు కుక్కి దీన్ని కిందికి తోసేస్తే బ్రౌజర్‌కు కనపడకపోవచ్చు. ఇది సరిగా ఉన్నా పేజీ చెదిరితే సర్వర్ పేజీతో పాటు పంపే సమాచారం, అంటే హెడర్ చూడండి. హెడర్లో వేరే పట్టిక పేరుంటే మెటా ట్యాగ్ మాట చెల్లదు.

ఆ తరవాత డేటాబేస్. మై ఎస్‌క్యూఎల్ అయితే టేబుల్ రకం యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. ఆ పక్కనే ఒట్టి యూటీఎఫ్8 అని ఇంకొకటుంటుంది, దానికి మూడు బైట్లే పరిమితి. తెలుగు అందులోనూ పడుతుంది. కానీ ఎవరైనా దండం పెట్టే ఎమోజీ చేర్చారా, అక్కడ నాలుగు బైట్లు కావాలి కాబట్టి సేవ్ కాకుండా ఎర్రర్ వస్తుంది, లేదా వ్యాసం అక్కడికి తెగిపోతుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. టేబుల్ సరిగా ఉన్నా, కోడు డేటాబేస్‌తో కలిసే కనెక్షన్‌కు కూడా అదే పట్టిక విడిగా చెప్పాలి. టేబుల్ మార్చాను, అయినా ప్రశ్నార్థకాలే అనేవాళ్ల సమస్య చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

ఇక రూపం. రెడీమేడ్ టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లిష్ కోసం చేసినవి. ఇంగ్లిష్ అక్షరం ఒక అంతస్తు ఇల్లు. మన ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ కింద రెండు వత్తులు వేలాడదీసుకుని, పైన గుడో తలకట్టో పెట్టుకుని వస్తాయి. లైన్ హైట్ 1.2 ఉంటే పై వాక్యపు వత్తు కింది వాక్యపు గుడికి తగులుతుంది. 1.7 దగ్గర మొదలుపెట్టి కంటికి చూసుకుంటూ సర్దండి. బటన్లకూ మెనూలకూ ఎత్తు పిక్సెళ్లలో బిగించి ఉంటే తీసేయండి, వత్తుల కాళ్లు తెగేది అక్కడే. శీర్షికలకు లెటర్ స్పేసింగ్ ఉంటే సున్నా చేయండి, అక్షరాలు దూరం జరిగితే తెలుగు పదం పదంలా కనపడదు.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు మనకు లోటు లేదు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, మల్లన్న, ధూర్జటి ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే మండలి లాంటివాటికి ఒకటే మందం. దానికి బోల్డ్ పెడితే బ్రౌజర్ అక్షరాన్ని తానే ఉబ్బిస్తుంది, చిన్న సైజులో సున్నాలూ తలకట్ల సందులూ పూడుకుపోతాయి. బోల్డ్ నిజంగా కావాలంటే వేరువేరు మందాలున్న నోటో సాన్స్ తెలుగు తీసుకోండి. ఫాంటు ఫైలును మీ సర్వర్‌లోనే పెట్టుకుంటుంటే అందులో తెలుగు భాగం ఉందో లేదో చూసుకోండి. లాటిన్ భాగం ఒక్కటే దించుకుని, ‘ఫాంటు పెట్టినా మారలేదేంటి’ అని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

వ్యాసం లింకులో తెలుగు పెట్టడం నాకూ ఇష్టమే. కానీ వాట్సాప్‌లో పంపితే ఒక్క ‘శ్రీ’కే 36 గుర్తుల తోక కనిపించవచ్చు, ఎందుకంటే ఒక్కో బైటు మూడేసి గుర్తులుగా మారుతుంది. శీర్షిక తెలుగులో ఉంచి, లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెడితే పంపేవాళ్లకు సుఖం.

కనపడని అక్షరం

‘సాఫ్ట్‌వేర్’, ‘సాఫ్ట్వేర్’. మొదటిదాంట్లో ట పొల్లుతో ఆగింది, రెండోదాంట్లో వ వత్తుగా కిందికి దిగింది. తేడా ఏమిటంటే మొదటిదాని మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు ఉంది. ‘కలపొద్దు’ అని చెప్పడమే దాని పని. తెలుగులో అరువు మాటలు చదవడానికి వీలుగా ఉన్నాయంటే దాని చలవే. కానీ సెర్చ్‌కు ఇవి రెండు వేరువేరు మాటలు కావచ్చు. పేజీలో కళ్లెదుట ఉన్న పదం కంట్రోల్ ఎఫ్‌కు దొరక్కపోతే, ఆ పదాన్ని టైపు చేయకుండా పేజీలోంచే కాపీ చేసి వెతికి చూడండి. దొరికితే మధ్యలో ఆ గుర్తుందన్నమాట. జాబితాలు తయారుచేసేవాళ్లు ఒకే పేరును రెండు రకాలుగా కొట్టకుండా ముందే ఒక పద్ధతి అనుకోవాలి.

ఆ గుర్తును చిన్నచూపు చూడకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం మధ్య ఇది ఇరుక్కున్న ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పుడు లోకం ‘తెలుగు అక్షరం ఫోన్లు పేలుస్తోంది’ అంది. నాకు అది చాలా కష్టంగా అనిపించింది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని పేర్చే కోడుది.

పాత డీటీపీ ఫైళ్లు

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ఇక్కడే. అను, శ్రీలిపి ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పుస్తకాలు, కరపత్రాలు, శతకాలు తెలుగునాట ఎన్ని ప్రెస్సుల్లో పడున్నాయో! వాటిలోంచి ఒక పేరా కాపీ చేసి వర్డ్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ వస్తాయి. ఇందాకటి ‘ఎ’, డిగ్రీ జంట ఇందులో పదేపదే కనపడదు, అదే గుర్తు. ఆ ముక్కను సెలెక్ట్ చేసి అదే అను ఫాంటు పెడితే తెలుగవుతుంది. ఎందుకంటే ఈ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గళ్లలోనే తలకట్టు, గుడి, వత్తు లాంటి ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫైల్లో ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే బొమ్మల వరస. యూనికోడ్ ఫాంట్లు ఎన్ని ఇన్‌స్టాల్ చేసినా దానికి పనికిరావు.

దీనికి కన్వర్టర్ కావాలి. నెట్‌లో ఉన్నాయి, కానీ మీ ఫైలు ఏ కంపెనీ ఫాంటు, ఏ వెర్షనో ముందు ప్రెస్సులో అడిగి తెలుసుకోండి. అను ఏడో వెర్షన్‌కు పనిచేసేది పాతదానికి చెయ్యకపోవచ్చు. ఒక్కసారిగా 200 పేజీలు వేయకుండా ఒక పేజీ వేసి, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. నేను ముందుగా చూసేది క్రావడి, అంటే ర వత్తు. పాత ఫాంట్లలో ‘ప్ర’ రాస్తే క్రావడి బొమ్మ ముందు, ప తరవాత ఉండొచ్చు. కన్వర్టర్ వరస తిప్పకపోతే అది పక్క అక్షరానికి అంటుకుంటుంది. తరవాత మ, య లు, ఆ తరవాత ఘ, ఝ లు. మధ్యలో నిజంగా ఇంగ్లిష్‌లో ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు కూడా చూడండి, కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని గందరగోళం చేస్తుంది. మార్చడానికి ముందే వాటిని పసుపు రంగుతో గుర్తుపెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది.

పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోకపోయినా పీడీఎఫ్ ఉంటే ఫర్వాలేదు. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కుడి క్లిక్‌తో గూగుల్ డాక్స్‌లో తెరవండి. పేజీని బొమ్మగా చూసి చదివి, యూనికోడ్ తెలుగు ఇస్తుంది. పీడీఎఫ్ లోంచి నేరుగా కాపీ చేస్తే చెత్త వచ్చేచోట ఇది చాలాసార్లు పనికొస్తుంది. శుభ్రమైన అచ్చయితే దిద్దేది తక్కువ. మాసిన కాగితమైతే పద్యాల్లో సున్నాలూ దీర్ఘాలూ ఒక్కొక్కటే సరిచూసుకోవాలి.

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాన్ని నడిపే పాత మిషన్లు ప్రెస్సుల్లో ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. మీ ఇంటి పెద్దవాళ్ల పుస్తకం ఏదైనా అలా ఉంటే, ఆ మిషన్ ఇంకా ఆన్ అవుతుండగానే ప్రెస్సుకు వెళ్లండి. పేజ్‌మేకర్ ఫైలు, దాంట్లో వాడిన ఫాంట్లు, పుస్తకం మొత్తం పీడీఎఫ్, ఈ మూడూ ఒకే ఫోల్డర్లో వేసి పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. ఆ ఫోల్డర్లోనే ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు పెట్టి, ఏ ఫాంటు, ఏ వెర్షన్, ఏ కీబోర్డు లేఅవుట్‌తో కొట్టారో ఆపరేటర్ గారిని అడిగి రాసుకోండి. ఇంటికొచ్చాక ఆ నోట్‌ప్యాడ్ ఫైలు మూసి, మళ్లీ తెరిచి, తెలుగు తెలుగులాగే ఉందో లేదో చూసుకోండి.